ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్: మహమ్మారి వేళ ఫోన్‌లో మానసిక వైద్యం తెలుగువారికి ఎంతవరకు అందుతుంది?

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి దేశంలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. మరో రెండు రోజులకు లాక్‌డౌన్ మొదలైంది. గూడ్స్ రైళ్లు మాత్రం నడిచాయి. దాంతో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో లోకో పైలట్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు, గ్యాంగ్‌మన్లు డ్యూటీకి వెళ్లి వస్తూనే ఉన్నారు. ఇంట్లోవాళ్లు క్వార్టర్లలోనే ఉండిపోయారు. డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు ఇంటికి వైరస్ తెచ్చారేమోనన్న భయం ఒకవైపు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న తల్లిదండ్రులను చూడటానికి వెళ్లే దారి లేదన్న బెంగ మరోవైపు.

స్టేషన్, వర్క్‌షాపుల చుట్టూ పెరిగిన పాత రైల్వే కాలనీల్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒకటి. ఇక్కడ తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఇలాంటి చోట ఒక మనిషికి ఆ రోజుల్లో నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా, ఏళ్ల తరబడి వాడుతున్న మందులు అయిపోయినా ఎవరిని అడగాలి? ప్రభుత్వం, వైద్య సంస్థలు అప్పుడు చూపించిన దారి ఫోన్. ఆ దారి వేయడానికి దేశానికి కొన్ని నెలలు కూడా పట్టలేదు. అయితే అది ఎవరి గుమ్మం దాకా వెళ్లిందన్నది వేరే ప్రశ్న. డాక్టరుకూ రోగికీ మధ్య ఉన్న కిలోమీటర్లను ఫోన్ చెరిపేస్తుంది. భాషను, ఇంట్లో గదుల సంఖ్యను, ఉద్యోగం పోతుందన్న భయాన్ని చెరపలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి చోట అసలు అడ్డంకులు ఇవే.

బెంగాల్‌లో తెలుగు ఊరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) 1887లో ఏర్పడింది. ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, ఆపై పెద్ద వర్క్‌షాపు కేంద్రంగా మార్చింది ఆ కంపెనీయే. తూర్పు తీరం వెంబడి రైలు మార్గం పడటంతో ఉత్తరాంధ్ర నుంచి కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేసినప్పుడు ముందుండి నడిపినవారిలో తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు. 1955 నుంచి ఇది సౌత్ ఈస్టర్న్ రైల్వే పరిధిలో ఉంది.

తెలుగువారు అధికంగా ఉన్న ప్రాంతాల్లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ కేబినెట్ 2020 డిసెంబరు 22న నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా కోరుతున్నది ఇదే. శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు ఆ నిర్ణయం రావడంపై విశ్లేషణలు అప్పుడే చాలా వచ్చాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. మన విషయానికి అవసరమైనంత వరకు ఒక్కటే గమనించాలి: అధికార భాష హోదా ప్రధానంగా ప్రభుత్వ కార్యాలయాల వ్యవహారం. ఆసుపత్రి ఓపీలో కూర్చున్న డాక్టరుకు అది తెలుగు నేర్పదు.

మానసిక వైద్యం కోసం ఇక్కడివారికి ఉన్న దారులు పరిమితం. రైల్వే ఉద్యోగులకు, పెన్షనర్లకు ఊళ్లోనే రైల్వే ప్రధాన ఆసుపత్రి ఉంది. పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉంది. లోకల్ రైలెక్కితే కోల్‌కతా. ఎస్ఎస్‌కేఎం ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, పావ్లోవ్ ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. తెలుగులో మాట్లాడే డాక్టరే కావాలంటే ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖపట్నం చేరాలి. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రైళ్లు ఆగినప్పుడు వీటిలో ఊళ్లో ఉన్న ఆసుపత్రి తప్ప మిగతావన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి. బెంగాల్‌లో లోకల్ రైళ్లు తిరిగి పట్టాలెక్కింది 2020 నవంబరు 11న. సెకండ్ వేవ్‌లో 2021 మే 6 నుంచి మళ్లీ ఆపేసి, అక్టోబరు 31న వదిలారు. రెండు విడతలూ కలిపితే ఏడాదికి పైనే.

మార్చి 25 నాటి కొత్త నిబంధనలు

ఫోన్‌లో వైద్యం మన దేశంలో అంతకుముందు లేదని కాదు. చట్టం దాని గురించి స్పష్టంగా చెప్పలేదు, అంతే. 2018లో ఒక కేసులో, రోగిని స్వయంగా చూడకుండా ఫోన్‌లో మందులు చెప్పారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న డాక్టర్ దంపతులకు బాంబే హైకోర్టు ముందస్తు బెయిల్ నిరాకరించింది. ఆ తర్వాత చాలామంది డాక్టర్లు ఫోన్ ప్రిస్క్రిప్షన్ అంటేనే వెనకాడారు.

లాక్‌డౌన్ మొదలైన రోజునే, అంటే 2020 మార్చి 25న, కేంద్ర ఆరోగ్య శాఖ టెలీమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు విడుదల చేసింది. రిజిస్టరైన డాక్టరు వీడియో, ఆడియో, చాట్ దేని ద్వారానైనా రోగిని చూడవచ్చంది. రోగి, డాక్టరు ఒకరికొకరు గుర్తింపు తెలుసుకోవాలి. రోగే ముందుగా కాల్ చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. సంతకం చేసిన మందుల చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపవచ్చు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగువారికి అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మరొకటి ఉంది. డాక్టరు దేశంలో ఏ ప్రాంతంలోని రోగికైనా టెలీమెడిసిన్ ద్వారా వైద్యం చేయవచ్చని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న తెలుగు సైకియాట్రిస్టు ఖరగ్‌పూర్ రోగికి వీడియో కాల్‌లో వైద్యం చేయడం చట్టబద్ధమే. రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. ఈ విషయానికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదనే చెప్పాలి.

మందుల విషయంలో పరిమితులున్నాయి. మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడగొట్టాయి. కొన్నిటిని ఏ రకమైన కాల్‌లోనైనా చెప్పవచ్చు. కొన్నిటిని మొదటిసారి రాయాలంటే వీడియోలో రోగిని చూడాల్సిందే. ఇంకొన్నిటిని అంతకుముందు నేరుగా చూసిన రోగికే కొనసాగింపుగా రాయాలి. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చేవి నిషిద్ధం. నిద్రకు, ఆందోళనకు వాడే మందుల్లో చాలా భాగం ఈ గీతకు అటూ ఇటూ ఉండటంతో సైకియాట్రిస్టులకు వెంటనే చిక్కు వచ్చింది. కొన్ని మందులకు తర్వాత సడలింపు ఇచ్చారు. 2020 మే నెలలో బెంగళూరులోని నిమ్హాన్స్, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, టెలీమెడిసిన్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి మానసిక వైద్యానికి విడిగా మార్గదర్శకాలు తెచ్చాయి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1959లోనే రెండువైపులా కనిపించే టీవీ ద్వారా మానసిక వైద్యం చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన 104 ఆరోగ్య సలహా సేవ కూడా ఈ కోవలోదే. డాక్టరు దాకా వెళ్లలేని పల్లెటూరి మనిషికి ఫోన్‌లో తెలుగులో సలహా చెప్పడం ఎలాగో ఈ నేలకు ముందే తెలుసు. అయితే అది రాష్ట్రంలో ఉన్నవారికే పరిమితమైన సేవ.

ఫోన్‌లో ఏం సాధ్యం, ఏం కాదు

కుంగుబాటు, ఆందోళన లాంటి సమస్యల్లో వీడియో ద్వారా చేసే చికిత్స, నేరుగా చేసే చికిత్సకు దాదాపు సమానంగా పనిచేస్తుందని పలు దేశాల పరిశోధనలు చూపించాయి. మాటే మందు అయినచోట తెర పెద్ద అడ్డు కాదు. చాలాకాలంగా ఒకే డాక్టరు దగ్గర మందులు వాడుతూ నిలకడగా ఉన్నవారికి ఫోన్ వరమే. ఊరు దాటి ఓపీలో సగం రోజు కూర్చునే పని పది నిమిషాల్లో తేలుతుంది.

చిక్కు మొదలయ్యేది శరీరాన్ని చూడాల్సి వచ్చినప్పుడు. స్కిజోఫ్రెనియా మందుల వల్ల కండరాలు బిగుసుకుపోయాయా అన్నది చెయ్యి పట్టుకుని వంచి చూస్తే తెలుస్తుంది. లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు చూడాలి. క్లోజపిన్ మొదలుపెట్టినవారికి తొలి నెలల్లో తరచుగా తెల్ల రక్తకణాల పరీక్ష చేయాలి. డాక్టరు విశాఖలో ఉన్నా రక్తం తీసేది ఖరగ్‌పూర్‌లోనే. అంటే ఫోన్ వైద్యానికి ఊళ్లో ఒక ల్యాబు, ఒక మందుల దుకాణం, అవసరమైతే చేర్చుకునే ఒక మంచం కావాలి. ఇవి లేకుండా ఫోన్ ఒక్కటే ఉంటే అది ఓదార్పు దగ్గరే ఆగిపోతుంది.

మద్యం విషయంలో ఇది బాగా కనిపించింది. 2020 మార్చి చివర దుకాణాలు ఒక్కసారిగా మూతపడటంతో రోజూ తాగేవారిలో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, భ్రమలు, ఫిట్స్ మొదలయ్యాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పోటెత్తారని ఆ వారాల్లో వరుసగా వార్తలొచ్చాయి. మద్యం ఆపిన రెండు, మూడు రోజుల్లో వచ్చే డెలీరియం ప్రాణాంతకం కావచ్చు. అలాంటప్పుడు ఫోన్‌లో డాక్టరు చేయగలిగింది ఒక్కటే, 'వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి' అని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పడం. ఆ మాట సమయానికి చెప్పినా ప్రాణం నిలుస్తుంది. కానీ ఆ మాట వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

మంచి టెలి కన్సల్టేషన్ ఎలా మొదలవుతుందో తెలిస్తే రోగి కుటుంబానికి ఉపయోగం. డాక్టరు మొదట అడగాల్సింది జబ్బు గురించి కాదు. 'మీరిప్పుడు ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరున్నారు, కాల్ తెగిపోతే ఏ నంబరుకు చేయాలి, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయమంటారు?' అనే నాలుగు ప్రశ్నలు. మాట మధ్యలో రోగి 'నేనింక బతకను' అంటే వందల కిలోమీటర్ల అవతల ఉన్న డాక్టరు చేతిలో మిగిలేది ఆ రెండో నంబరే. వీటిని అడగకుండా నేరుగా మందుల్లోకి వెళ్లిపోతే జాగ్రత్త పడాల్సిందే.

ముందు భాషా, ముందు రాష్ట్రమా?

2020 మార్చి చివర్లో నిమ్హాన్స్ ఒక జాతీయ హెల్ప్‌లైన్ తెరిచింది. అదే ఏడాది సెప్టెంబరు 7న కేంద్ర సామాజిక న్యాయ శాఖ 'కిరణ్' పేరుతో 24 గంటల టోల్‌ఫ్రీ సేవ మొదలుపెట్టింది. 13 భాషలు, 25 కేంద్రాలు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 660 మంది సైకాలజిస్టులు, 668 మంది సైకియాట్రిస్టులు అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ 13లో తెలుగు, బెంగాలీ రెండూ ఉన్నాయి.

కిరణ్‌లో కాల్ ఎలా వెళ్లేదో చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. ముందు భాష ఎంచుకోవాల్సి ఉండేది. తర్వాత రాష్ట్రం ఎంచుకోవాల్సి ఉండేది. అది మీ సొంత రాష్ట్రమైనా కావచ్చు, మీకు నచ్చిన రాష్ట్రమైనా కావచ్చు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మనిషి తెలుగు నొక్కి, ఆంధ్రప్రదేశ్ నొక్కితే అక్కడి కేంద్రానికి కలిసేది. వలస వెళ్లినవారిని దృష్టిలో పెట్టుకునే అలా చేశారో, అలా కుదిరిందో కానీ, రాష్ట్రం బయట బతికే భాషా సమూహాలకు ఆ ఏర్పాటు సరిపోయింది.

మహమ్మారి నేర్పిన పాఠంతో 2022 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో జాతీయ టెలి మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, 'టెలి మానస్' మొదలైంది. నంబరు 14416. నిమ్హాన్స్ దీనికి కేంద్ర బిందువు, సాంకేతిక సహకారం బెంగళూరు ట్రిపుల్ ఐటీది. సేవలు 20 భాషల్లో ఉన్నాయి. 2025 ఆరంభానికి 18 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. మొదటి అంచెలో శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే సైకియాట్రిస్టుకు, అక్కడి నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికో మెడికల్ కాలేజీకో పంపుతారు. 2024 అక్టోబరులో మొబైల్ యాప్, వీడియో కాల్ సదుపాయం కూడా వచ్చాయి.

ఇక్కడ కాల్ దారి వేరు. భాష ఎంచుకోవచ్చు కానీ, కాల్ వెళ్లేది ఆయా రాష్ట్రంలోని టెలి మానస్ కేంద్రానికి. ఇందులో తర్కం ఉంది. పక్క ఆసుపత్రికి పంపాలన్నా, ఇంటికి ఎవరినైనా పంపాలన్నా స్థానిక కేంద్రమే చేయగలదు. ఆత్మహత్య అంచున ఉన్న మనిషికి అమరావతి కేంద్రం కంటే కోల్‌కతా కేంద్రం ఎక్కువ ఉపయోగపడుతుంది. కానీ రాష్ట్రం, భాష ఒకటే అనుకునే ఊహ దీని వెనకాల ఉంది. ఖరగ్‌పూర్‌లో ఆ ఊహ పనిచేయదు. సూరత్‌లోని ఒడియా కార్మికుడికీ, భివండీలోని తెలంగాణ పద్మశాలి కుటుంబానికీ, బెంగళూరులోని బెంగాలీ ఇంటి పనిమనిషికీ కూడా ఇదే సమస్య.

రెండింటినీ కలపడం సాంకేతికంగా కష్టమేం కాదు. తెలుగు వచ్చిన కౌన్సెలర్ మాట్లాడతారు, బెంగాల్ కేంద్రం అదే కాల్‌లో ఉండి స్థానిక ఏర్పాట్లు చూస్తుంది. దీనికి రెండు రాష్ట్రాల కేంద్రాల మధ్య ఒప్పందం, డ్యూటీ పట్టికలో ఒక గడి కావాలి. నిధుల కంటే, అడిగేవాళ్లు లేకపోవడమే దీనికి అడ్డు.

'బెంగ'ను అనువదించడం

ఖరగ్‌పూర్ తెలుగువారికి హిందీ, బెంగాలీ వచ్చు కదా, ఇంకేం కావాలి అని అడగవచ్చు. చాలామందికి వచ్చు, నిజమే. ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రవాళ్లు ఒకే వాక్యంలో మూడు భాషలూ కలిపి మాట్లాడతారు. బజారులో, వర్క్‌షాపులో, టికెట్ కౌంటరు దగ్గర ఆ భాష సరిపోతుంది. కానీ పన్నెండేళ్ల క్రితం పెళ్లై సీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడలికి, కాలనీ దాటకుండా బతికిన ముసలమ్మకు ఆ సౌలభ్యం ఉండకపోవచ్చు. భాష వచ్చినవాళ్లకైనా, సరుకులు కొనే భాష వేరు, ఏడ్చే భాష వేరు.

మానసిక వైద్యంలో రోగి మాటే పరీక్ష ఫలితం. ఎక్స్‌రే లేదు, స్కాన్ లేదు. 'బెంగ పెట్టుకుంది' అన్నప్పుడు అందులో దిగులు ఉంది, దూరమైనవారి మీద ధ్యాస ఉంది, తిండి మానేసి చిక్కిపోవడం కూడా ఉంది. దాన్ని హిందీలో 'చింతా' అంటే సగం పోతుంది. బెంగాలీలో 'మొన్ ఖారాప్' అంటే రోజూ ఎవరైనా అనే మాట, మనసు బాగోలేదన్నంత తేలిక. 'గుండె దడ', 'ఒళ్లంతా మంటలు', 'తల దిమ్ముగా ఉంది', 'నరాల బలహీనత' అని చెప్పేవారు చాలాసార్లు చెబుతున్నది ఆందోళన గురించో కుంగుబాటు గురించో. ఆ పలుకుబడి తెలిసిన డాక్టరు దాన్ని పట్టుకుంటారు. తెలియనివారు గుండె పరీక్షలకు రాస్తారు.

ఇంకో ప్రమాదం దుబాసీ. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, బెంగాలీ బాగా వచ్చిన కూతురు డాక్టరుకు చెబుతుంది, డాక్టరు చెప్పింది అమ్మకు చెబుతుంది. ఏ ఇంట్లోనైనా జరిగే ఏర్పాటు ఇది. తనకు చచ్చిపోవాలనిపిస్తోందన్న సంగతి ఆ తల్లి పద్నాలుగేళ్ల కూతురి నోటి ద్వారా చెప్పగలదా? భర్త కొడుతున్నాడని, ఆ భర్తే పక్కన నిలబడి అనువదిస్తుంటే చెప్పగలదా?

కుంగుబాటును గుర్తించడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి తెలుగు రూపం ఉంది. తొమ్మిది ప్రశ్నల్లో చివరిది చావు ఆలోచనల గురించి. కౌన్సెలర్ దాన్ని తెలుగులో చదివితే అటువైపు మనిషి 'అవును', 'రోజూ' అని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. పక్క గదిలో వింటున్నవాళ్లకు ఏం అడిగారో తెలియదు. ఇంత చిన్న ఉపాయం కూడా ఇద్దరికీ ఒకే భాష ఉంటేనే పనిచేస్తుంది.

తలుపు వేసుకునే గది

కింది తరగతి రైల్వే క్వార్టర్ అంటే ఒకటి, రెండు గదులు, వంటిల్లు, వరండా. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే. పిల్లల ఆన్‌లైన్ క్లాసుకీ, రోగి వీడియో కాల్‌కీ ఒకే స్మార్ట్‌ఫోన్. టెలీమెడిసిన్ మార్గదర్శకాలు గోప్యత పాటించాల్సిన బాధ్యతను డాక్టరు మీద పెట్టాయి. రోగి వైపు గది గురించి ఏ మార్గదర్శకమూ ఏమీ చేయలేదు. ఆసుపత్రికి వెళ్లడంలో ఉన్న ఒక సౌకర్యం మనం గమనించం. అక్కడికి వెళ్తే ఇంట్లోంచి బయటపడతాం.

అందుకే సైకియాట్రిస్టులు, కౌన్సెలర్లు ఆ రోజుల్లో కొన్ని పద్ధతులు అలవాటు చేసుకున్నారు. రోగిని మేడ మీదికో, మైదానంలోకో నడుచుకుంటూ వెళ్లి మాట్లాడమనడం. వీడియో వద్దు, ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడియో చాలనడం. మాట్లాడలేని పరిస్థితి వస్తే చెప్పడానికి ముందే ఒక మామూలు మాట అనుకోవడం. పాత రైల్వే కాలనీల్లో ఇళ్లు చిన్నవే అయినా రోడ్లు వెడల్పు, చెట్లు ఎక్కువ. నడిచే కౌన్సెలింగ్‌కు అంతకంటే మంచి చోటు దొరకదు. అయితే కర్ఫ్యూ లేని గంటల్లో, నలుగురూ చూసి 'ఎవరితో మాట్లాడుతోంది?' అని అడగకపోతే.

డ్యూటీ, ఫిట్‌నెస్, భయం

రైల్వే ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రైళ్లు నడిపేవారికి కఠినమైన వైద్య ప్రమాణాలుంటాయి. లోకో పైలట్లది అన్నిటికంటే పైనున్న ఏ-1 కేటగిరీ. మానసిక సమస్యకు మందులు వాడుతున్నట్టు రైల్వే ఆసుపత్రి రికార్డులోకి ఎక్కితే రన్నింగ్ డ్యూటీ నుంచి తప్పిస్తారేమో, అలవెన్సులు పోతాయేమోనన్న భయం సహజం. ఆ భయం పూర్తిగా నిరాధారమని కూడా అనలేం. మత్తు కలిగించే మందు వేసుకుని ఇంజిన్ ఎక్కకూడదన్నది ప్రయాణికుల భద్రతకు సంబంధించిన విషయం.

మహమ్మారిలో ఈ ఉద్యోగుల మీద పడ్డ బరువు తక్కువది కాదు. 2020 మార్చి నుంచి 2021 మే రెండో వారం నాటికి 1,952 మంది ఉద్యోగులు కొవిడ్‌తో చనిపోయారని, రోజుకు దాదాపు వెయ్యి మందికి సోకుతోందని రైల్వే బోర్డు ఛైర్మన్ అప్పట్లో వెల్లడించారు. నిన్న పక్కన డ్యూటీ చేసిన మనిషి ఇవాళ లేడు. అంత్యక్రియలకు వెళ్లే వీలు లేదు. రేపు మళ్లీ డ్యూటీ.

యజమానికి సంబంధం లేని హెల్ప్‌లైన్ ఇలాంటివారికి విలువైనది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. చట్టంలో చెప్పిన కొన్ని మినహాయింపుల్లోనే వాటిని బయటపెట్టవచ్చు. మాటల ద్వారా జరిగే కౌన్సెలింగ్‌తోనే తగ్గే దశలో ఫోన్ చేస్తే మందుల దాకా రాకపోవచ్చు కూడా. కానీ ఈ సంగతి డ్యూటీ బోర్డు పక్కన తెలుగులో, హిందీలో, బెంగాలీలో రాసి పెడితేనే కదా తెలిసేది.

టవర్ పడిపోతే

2020 మే 20న అంఫాన్ తుపాను బెంగాల్ తీరాన్ని తాకింది. కోల్‌కతా, రెండు 24 పరగణాలు, తూర్పు మేదినీపూర్‌లలో అనేక చోట్ల కరెంటు, మొబైల్ నెట్‌వర్క్ రోజుల తరబడి లేవు. లాక్‌డౌన్‌లో ఫోన్ మీదే ఆధారపడిన రోగులకు, కోల్‌కతాలోని వాళ్ల డాక్టర్లకు మధ్య ఆ ఒక్క తీగా తెగింది. ఒక విపత్తు మరో విపత్తు వచ్చేదాకా ఆగదు. పక్షం రోజుల మందులు కాకుండా నెల, రెండు నెలల మందులు ఇంట్లో ఉండేలా రాయడం, ఆశా కార్యకర్త దగ్గర అలాంటి రోగుల జాబితా ఉండటం చాలా పాత పద్ధతులు. నెట్‌వర్క్ లేనప్పుడు పనిచేసేవి అవే. ఆత్మహత్య ఆలోచనలున్న రోగి ఇంట్లో రెండు నెలల మందులు ఉండకూడదు కాబట్టి ఇదీ అందరికీ ఒకేలా వర్తించదు.

లెక్కల్లో తెలుగువారు

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పశ్చిమ బెంగాల్ అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు, సగటు 0.75. వారిలో తెలుగు వచ్చినవారు, వారిలోనూ ఖరగ్‌పూర్‌కు అందుబాటులో ఉన్నవారు ఎందరో లెక్క వేయాల్సిన పని ఎవరికీ పడలేదు.

మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు కేసులు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. అంతకుముందు 2020లో ఆ సంస్థ 130 దేశాల్లో చేసిన సర్వేలో 93 శాతం దేశాలు మానసిక ఆరోగ్య సేవలు కుంటుపడ్డాయన్నాయి. 70 శాతం దేశాలు లోటును ఫోన్, వీడియోలతో పూడ్చే ప్రయత్నం చేశామన్నాయి. ఆ పూడ్చడం ఏ భాషలో జరిగిందని ప్రపంచ సగటులు చెప్పవు.

ఇప్పుడు ఎవరికైనా అవసరమైతే

టెలి మానస్ నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. రెండూ ఉచితం, 24 గంటలూ పనిచేస్తాయి. కాల్ కలవగానే భాషల ఎంపికలో తెలుగు నొక్కాలి. అవతలివారు వేరే భాషలో మొదలుపెడితే, సమస్య చెప్పకముందే 'తెలుగులో మాట్లాడేవారు కావాలి' అని అడగాలి. ఆ క్షణంలో ఎవరూ లేకపోతే తెలుగు వచ్చినవారితో తిరిగి కాల్ చేయించమని కోరాలి. అలా అడిగిన ప్రతి కాల్ ఆ కేంద్రానికి ఒక లెక్క కూడా. తెలుగు కౌన్సెలర్ అవసరం ఉందని రేపు చూపించడానికి అలాంటి లెక్కలే కావాలి.

విశాఖ, హైదరాబాద్‌లలోని డాక్టరుతో వీడియోలో మాట్లాడాలనుకుంటే ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి: పాత మందుల చీటీల ఫొటోలు, ఇప్పటిదాకా చేయించిన రక్త పరీక్షల కాగితాలు, దగ్గర్లోని ఆసుపత్రి పేరు, పక్కింటివారిదైనా సరే రెండో ఫోన్ నంబరు. డాక్టరు పంపే చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేకపోతే మందుల దుకాణంలో ఇబ్బంది. మందును బ్రాండు పేరుతో కాకుండా అసలు పేరుతో, పెద్ద అక్షరాల్లో రాయమని అడిగితే ఊరు మారినా దొరుకుతుంది.

ప్రాణాపాయం ఉందనిపిస్తే, మద్యం ఆపిన మనిషికి ఫిట్స్ వచ్చినా, భ్రమలు మొదలైనా, ఎవరైనా తమకు తాము హాని చేసుకున్నా, హెల్ప్‌లైన్ కోసం వేచి ఉండకూడదు. 112కు ఫోన్ చేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా రైల్వే ఆసుపత్రికో, సబ్ డివిజినల్ ఆసుపత్రికో తీసుకెళ్లాలి. భాష వచ్చినవారు ఒకరు వెంట ఉంటే మంచిది, పిల్లలు కాకుండా.